మార్కా లేని బస్తా

మా ఆఫీసు వన్ టౌన్‌లో, హార్బరు గోడకి కూతవేటు దూరంలో ఉంది. ఓడలో వచ్చిన సరుకుని దించి, తూచి, కాగితాలు చేసి, లారీ ఎక్కించే ఏజెన్సీ మాది. కంప్యూటర్లూ వాటి వైర్లూ చూసుకునే మనిషిని అందులో నేనొక్కదాన్నే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, ఫ్యాన్ తిరగకపోయినా నన్నే పిలుస్తారు. ఫ్యాను నా పని కాదని మొదటి ఏడాది చెప్పి చూశాను. రెండో ఏడాది ఒక స్క్రూడ్రైవర్ కొనుక్కున్నాను.

ఆఫీసులో మూడు సెక్షన్లు. ఏ ఓడ ఎక్కడుందో, ఎప్పుడు బెర్తుకి వస్తుందో చూసేది ఓడల సెక్షన్. కస్టమ్స్ కాగితాలు చేసేది కాగితాల సెక్షన్. లారీలు తూచేది యార్డు. ఓడల సెక్షన్ పెద్దాయన పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో వస్తాడు. ఊళ్లో వరి పొలం ఉంది. ఏ దేశపు ఓడ వచ్చినా "మన ఓడ" అంటాడు. అది రెండు రోజులు ఆలస్యమైతే తన పొలానికి నీళ్లు రానట్టే మొహం పెడతాడు. యార్డు ఇన్‌చార్జిది ఆ పక్క ఊరే. ఇద్దరూ ఒకరినొకరు బావ అని పిలుచుకుంటారు, ఆ పిలుపుతోనే రోజూ పోట్లాడుకుంటారు.

ఆ పోట్లాటల్లో పెద్దది పెన్‌డ్రైవ్ గొడవ. యార్డు బావ ఎవరిదో పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. పెళ్లితో పాటు వైరస్ కూడా వచ్చింది. ఓడల సెక్షన్ కంప్యూటర్లు మూడు రోజులు పడుకున్నాయి. దాంతో పెద్దాయన, యార్డు వాళ్లతో కలిపి ఉంచితే తను కుర్చీలో కూర్చోనని భీష్మించాడు. అప్పుడు నేను మూడు సెక్షన్లనీ మూడు సబ్‌నెట్లుగా విడగొట్టాను. అంటే ఒకే ఇంట్లో మూడు వాటాలు వేసినట్టు. ఎవరి గుమ్మం వాళ్లది, ఒకరి గదిలోకి ఒకరు రాలేరు. పెద్దాయన శాంతించాడు.

చిక్కల్లా సర్వర్ ఒక్కటే కావడంతో వచ్చింది. అది ఓడల సెక్షన్ వాటాలో ఉండిపోయింది. మిగతా రెండు సెక్షన్ల వాళ్లు తమ వివరాలు అందులో ఎక్కించాలంటే చీటీల మీద రాసుకుని ఓడల సెక్షన్‌కి వెళ్లి పెద్దాయన ముందు నిలబడాలి. కొన్నిసార్లు పెన్‌డ్రైవ్‌లో కూడా తెచ్చేవాళ్లు. ఏ పెన్‌డ్రైవ్ కోసం గోడలు కట్టానో అదే పెన్‌డ్రైవ్ దర్జాగా నడుచుకుంటూ వస్తుంటే నేను తల తిప్పుకునేదాన్ని.

ఇలా ఎన్నాళ్లయినా నడిచేదే. కానీ సరుకు పంపే ఒక పెద్ద పార్టీ సోమవారం పదిన్నరకి ఆఫీసు చూడటానికి వస్తుందని మా ఓనరుగారికి కబురొచ్చింది. మూడు సెక్షన్ల వివరాలూ ఒకేచోట, అప్పటికప్పుడు కనిపించాలని ఆయన నాకు చెప్పారు. "మూడింటినీ సర్వర్‌కి కలపండి. కానీ వాటిలో వాటిని కలపకండి. ఆయన మళ్లీ అలుగుతాడు" అన్నారు. ఆ చివరి మాట పెద్దాయన గురించి.

మామూలుగా అయితే సర్వర్‌కి మూడు వైర్లు లాగితే సరిపోతుంది. సర్వర్ మేడ మీద గదిలో ఉంటుంది, మూడు సెక్షన్ల వైర్లూ కలిసే స్విచ్ కింద వెనక గదిలో ఉంటుంది. రెంటికీ మధ్య రెండడుగుల మందం సున్నపు గోడ. ఆ గోడలో ఎప్పటిదో ఒక ఇనప గొట్టం, అందులో ఒక్క వైరు. ఇంకో వైరు దూర్చబోతే మధ్యలో తుప్పు అడ్డం పడింది. పోనీ గోడకి కొత్తగా కన్నం పెడదామంటే అది నైరుతి గోడ. ఓనరుగారి వాస్తు సిద్ధాంతి ఆ గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. దీనికి తోడు సర్వర్ వెనక వైరు గుచ్చే పోర్టులు నాలుగుంటే మూడు ఉప్పుగాలికి ఆకుపచ్చగా మారి ఎప్పుడో పోయాయి. సముద్రమూ వాస్తూ కలిసి నాకు ఒక్క వైరు మిగిల్చాయి.

ఒక్క వైరు మీదే మూడు సబ్‌నెట్లనీ పంపే పద్ధతి ఉంది. వైరు మీద వెళ్లే ప్రతి డేటా మూటకీ ఒక నంబరు తగిలిస్తారు. పది అంటే ఓడలు, ఇరవై అంటే కాగితాలు, ముప్పై అంటే యార్డు. అవతలి చివర ఆ నంబరు చూసి ఎవరి మూట వాళ్లకి ఇస్తారు. పుస్తకాల్లో చదివాను, చెయ్యగలను. ఓనరుగారికి చెయ్యగలనని చెప్పాను కూడా.

శనివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. సర్వర్‌లో ఇరవై, ముప్పై నంబర్లతో రెండు కొత్త దారులు తెరిచాను. ఓడల సెక్షన్ దారి అప్పటికే చక్కగా పనిచేస్తోంది కాబట్టి దాని జోలికి పోలేదు. కింద స్విచ్‌లో ఆ ఒక్క వైరు మీద మూడు నంబర్లనీ రానివ్వమని రాశాను. కాగితాల సెక్షన్‌కి సర్వర్ వచ్చింది. యార్డుకి వచ్చింది. ఓడల సెక్షన్‌కి పోయింది.

పెద్దాయన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "నాను ముందే సెప్పేను కదండి మేడం, కలిపితే పోద్దని."

"మాకు బెమ్మాండంగా వత్తంది బావ" అన్నాడు యార్డు బావ గుమ్మంలోంచి. "నీ దిష్టే నీకు తగిలుంటాది."

సాయంత్రం ఏడు దాకా చూశాను. వైరు బాగుంది, లేకపోతే మిగతా ఇద్దరికీ రాదు. ఓడల సెక్షన్ దారి బాగుంది, దాన్ని నేను ముట్టుకోనే లేదు. ముట్టుకోని చోట తప్పెందుకుంటుందని నా లెక్క. కాబట్టి ముట్టుకున్న చోటల్లా పదిసార్లు వెతికాను. ఓనరుగారు వెళ్తూ నా దగ్గర ఆగారు. "మీరు చూడండి. కాకపోతే బయటి కంపెనీ వాళ్లతో మాట్లాడి పెట్టాను, సోమవారం పదింటికి వస్తామన్నారు. ఆ తర్వాత నెలనెలా అన్నీ వాళ్లే చూసుకుంటారట" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. అన్నీ వాళ్లే చూసుకుంటే నేను చూసుకోవడానికి ఏం మిగులుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫ్యాన్లు కూడా మిగలవు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న పూర్ణా మార్కెట్‌లో బస్తాల మీద మార్కాలు రాసేవాడు. హోల్‌సేల్ కొట్ల నుంచి ఊళ్లకి వెళ్లే లారీల్లో నాలుగైదు కొట్ల సరుకు కలిసి వెళ్తుంది. ఏ బస్తా ఏ కొట్టుదో దించే కళాసీకి తెలియాలి కాబట్టి ప్రతి కొట్టుకీ ఒక గుర్తు ఉండేది. ఒకరికి అర్ధచంద్రం, ఒకరికి కత్తెర, ఒకరికి మూడు గీతలు. ఈతపుల్ల కొసని నలగ్గొట్టి కుంచె చేసుకుని, నల్లరంగులో ముంచి, నడుస్తూ నడుస్తూ వరసలో బస్తాలన్నిటికీ గుర్తు వేసుకుంటూ పోయేవాడు. ఇప్పుడు స్టిక్కర్లు వచ్చాయి. నాన్న ఇంట్లో ఉంటున్నాడు. ఉంటున్నాడని నేనంటాను గానీ పొద్దున్నే చర్చికి వెళ్లి, అక్కడి నుంచి పాత కొట్టుకి వెళ్లి, ఎవరూ అడగకుండానే స్టిక్కర్లు వంకరగా అతికించారని చెప్పి వస్తాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. వంట ఆయనది, గిన్నెలు నావి.

ఆయన గోళ్లలో నల్లరంగు ఎప్పుడూ పోయేది కాదు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నప్పుడు ఆ వేళ్లు బాగా కనబడేవి. చిన్నప్పుడు నేను పక్క బెంచీలో కూర్చునేదాన్ని. పదో తరగతి పరీక్ష ఫారంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటే అందులో "వ్యాపారం" అని రాశాను. ఫారం అడుగున తల్లిదండ్రుల సంతకం ఉండాలి. సంతకం చోటు మాత్రమే కనిపించేలా కాగితం మడతపెట్టి నాన్న ముందు పెట్టి, జడ వేసుకోవడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి సంతకం ఉంది, మడత మడతలాగే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత కాలేజీలోనూ అదే రాశాను. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఓనరుగారు అడిగితే "బిజినెస్ అండీ" అన్నాను. ఆఫీసులో నేను "ఏమిటి" అంటాను, ఇంట్లో "ఏటి" అంటాను. అలా రెండు చోట్ల ఇద్దరు మనుషులుగా బతకడం నాకు అలవాటైపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్న చేపల పులుసు చేశాడు. నేను కంచం ముందు కూర్చుని ఫోన్‌లో స్విచ్ సంగతులు చదువుతున్నాను.

"సేప ముల్లు తీయకుండా తింటన్నావు" అన్నాడు నాన్న. "ఆఫీసులో ఏటైనా గొడవా?"

"ఏటీ లేదు నాన్నా. సెప్పినా నీకు తెలీదు."

"అలగే. ముల్లు గుచ్చుకున్నాక సెప్పు."

సోమవారం సంగతి దాచి లాభం లేదనిపించింది. ఉద్యోగం పోతే ముందు తెలిసేది ఆయనకే. చెప్పాను. సబ్‌నెట్లు, సర్వర్ అంటే మొహం అలాగే ఉంచాడు. ఒక్క వైరు, మూడు సెక్షన్లు, ప్రతి మూటకీ నంబరు అనేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఒక్క లారీ, మూడు కొట్లు. ఇంతే గదా? దీనికి అంత ఇంగిలీసెందుకు?"

"ఇంతే."

"మరి లారీ మాటాడింది ఎవులు?"

నాకు అర్థం కాలేదు. నాన్న కంచం పక్కకి జరిపి, పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. మార్కెట్‌లో ఒక పద్ధతి ఉంది. లారీ ఏ కొట్టు వాళ్లు కిరాయికి మాట్లాడితే ఆ కొట్టు బస్తాలకి మార్కా వెయ్యరు. వాళ్ల లారీయే కదా, రంగు దండగ. మిగతా కొట్ల వాళ్లే మార్కా వేసుకుని ఎక్కిస్తారు. దించే చోట మార్కా లేని బస్తా కనిపిస్తే అది లారీ మాట్లాడిన వాళ్లదేనని దించేస్తారు.

"మీ మూడింట్లో మార్కా లేని బస్తా ఎవుల్ది?" అన్నాడు.

"మార్కా లేనిది ఏదీ లేదు నాన్నా. అన్నిటికీ నంబరుంది. కాగితాలకి ఇరవై పెట్టేను, యార్డుకి ముప్పై పెట్టేను..."

అక్కడ ఆగిపోయాను. ఓడల సెక్షన్‌కి నేను ఏమీ పెట్టలేదు. దాన్ని ముట్టుకోలేదు. సర్వర్ నుంచి దాని మూటలు మొదటి నుంచీ ఏ నంబరూ లేకుండానే వెళ్తున్నాయి, ఇప్పుడూ అలాగే వెళ్తున్నాయి.

నాన్న నా మొహం చూడలేదు, ఆయన కథలో పడ్డాడు. "ఓపాలి ఏటయిందంటే, ఎక్కించినోడు లారీ మిరపకాయల కొట్టోడిదనుకున్నాడు. మిరపకాయల బస్తాలికి మార్కా యెయ్యలేదు. దించినోడు లారీ పంచదార కొట్టోడిదనుకున్నాడు. మార్కా లేనియన్నీ అట్టుకెల్లి పంచదార గొడౌన్లో దించేసేడు. ఈదిలో అందరికీ తుమ్ములే. అయిదు రోజులు ఆ పంచదారతో టీ తాగితే గొంతు మండిపోయేది. తప్పు ఎవుల్దంటావ్? ఎక్కించినోడు తన లెక్కలో కరెస్టే, దించినోడు తన లెక్కలో కరెస్టే."

నేను అప్పటికే లేచాను. సర్వర్ లెక్కలో నంబరు లేని మూట అంటే ఓడల సెక్షన్‌ది. కింద స్విచ్ లెక్కలో నంబరు లేని మూట అంటే ఒకటో నంబరు వాటాది, ఫ్యాక్టరీ నుంచి అది అలాగే వస్తుంది. మా ఆఫీసులో ఒకటో వాటాలో ఎవరూ లేరు. శనివారం నుంచీ ఓడల సెక్షన్ బస్తాలన్నీ మనిషి లేని గొడౌన్లో దిగుతున్నాయన్నమాట.

"ఎక్కడికే, సెయ్యి కడుక్కో" అన్నాడు నాన్న. తర్వాత, "నానూ వత్తాను" అన్నాడు.

ఆఫీసు దగ్గర వాచ్‌మన్ తాళం తీశాడు. నాన్నని చూసి ఎవరని అడగలేదు, నేనూ చెప్పలేదు. వెనక గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని స్విచ్‌లో ఒక్క వాక్యం మార్చాను. ఈ వైరు మీద నంబరు లేకుండా వచ్చేదంతా ఓడల సెక్షన్‌దే అని దాని అర్థం. పెద్దాయన కంప్యూటర్ తెరిస్తే ఓడల పట్టిక మొత్తం వచ్చింది. కాగితాల సెక్షన్ చూశాను, వచ్చింది. యార్డుది చూశాను, వచ్చింది. మళ్లీ పెద్దాయనది చూశాను. నాకు ఏడుపు వచ్చేలా ఉంటే నవ్వాను.

"అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"అయిపోయింది."

"ఇంతేనా? దీనికి రెండ్రోజులు అన్నం మానేసేవా." ఆయన ఇంకా పెద్దదేదో చూస్తానని తయారై వచ్చాడు. "లారీ ఏదీ?"

చూపించాను. చిటికెన వేలంత మందం కూడా లేని నీలం వైరు. దాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి, ఇంత సన్న వైరులో మూడు సెక్షన్లు ఎలా పడుతున్నాయో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "రాసి పెట్టేవా ఎక్కడైనా?" అన్నాడు. "రేపు ఇంకోడొత్తాడు. ఆడికెలగ తెలుత్తాది మార్కా లేంది ఎవుల్దో?"

మా పనిలో అందరూ చెయ్యాలనుకుని ఎవరూ చెయ్యని పని అది. నేనూ చెయ్యలేదు. టేబుల్ మీది తెల్ల టేపు ముక్క చించి, నల్ల మార్కర్ పెన్ను ఇచ్చాను. నాన్న దాన్ని కుంచె పట్టినట్టు నిలువుగా పట్టుకుని రాశాడు. ఇరవై కాగితాలు. ముప్పై యార్డు. మార్కా లేనిది ఓడలోల్లది. రాసి, టేపు వైరు పక్కన గోడకి అతికించి, వంకర లేకుండా బొటనవేలితో నొక్కాడు. నైరుతి గోడకి దానివల్ల దోషమేమీ తగల్లేదు.

సోమవారం తొమ్మిదింటికి పెద్దాయన వచ్చి కంప్యూటర్ తెరిచి, "మన ఓడ వచ్చేసింది" అన్నాడు. నిజంగా ఓడ వచ్చిందో, పట్టికలో కనబడిందో నాకు తెలియదు. తొమ్మిదిన్నరకి ఓనరుగారు మూడు సెక్షన్లూ తిరిగి చూసి, వెనక గదిలోకి వచ్చారు. ఆయన కళ్లు ముందు టేపు మీదే పడ్డాయి.

"ఇదెవరి రాత? పాతకాలం బస్తాల మీద అక్షరాల్లా ఉన్నాయి."

బయట రాయించానని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఇన్నేళ్లుగా అలాంటివి నా నోటికి సులువుగానే వస్తాయి. కానీ ఆ రాత పక్కనే నిలబడి ఆ మాట అనలేకపోయాను.

"మా నాన్న రాశారండీ."

"మీ నాన్నగారిది బిజినెస్ అన్నారు కదా. ఏం బిజినెస్?"

"బిజినెస్ కాదండీ. నేను అబద్ధం చెప్పాను. పూర్ణా మార్కెట్‌లో బస్తాల మీద మార్కాలు రాసేవారు. శనివారం నేను పట్టుకోలేని తప్పు నిన్న ఆయనే పట్టుకున్నారు."

ఓనరుగారు టేపు మీది వాక్యం మళ్లీ ఒకసారి చదువుకున్నారు. జేబులోంచి ఫోన్ తీసి బయటి కంపెనీ వాళ్లకి రావక్కర్లేదని చెప్పారు. వెళ్తూ వెళ్తూ, "ఆ టేపు తీసెయ్యకండి. పార్టీ వాళ్లకి చూపిద్దాం" అన్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడేమో అనిపించింది.

"ఏటన్నాడు మీ ఓనరు? ఉంచేడా తీసేసేడా?"

"ఉంచేడు. రాతెవుల్దని అడిగేడు."

"ఏటి సెప్పేవు?"

"నీదని సెప్పేను. బస్తాల మీద మార్కాలు రాసేవోడివని సెప్పేను."

నాన్న తన గోళ్లకేసి చూసుకున్నాడు. అవి ఎప్పుడో తెల్లబడ్డాయి.

"అయితే నా వ్యాపారం ఎత్తేసేవన్నమాట" అన్నాడు.

"నీకెలగ తెలుసు?"

"సదవకుండా సంతకం ఎలగ పెడతానమ్మా? మడత ఇప్పేను, సదివేను, సంతకం పెట్టేను. మళ్లీ నువ్వు మడిసినట్టే మడిసేను."

ఇన్నేళ్లూ ఏమీ అనలేదెందుకని అడిగాను. నేను ఏ మొహం పెట్టుకుని ఇన్నాళ్లూ ఆయన వండింది తిన్నానో నాకే తెలియలేదు.

"ఏటంటాను? నాకేటి కొట్టు పెట్టించేవో, ఏటమ్మించేవో ఎప్పుడైనా సెప్తావని సూసేను" అన్నాడు నాన్న లేస్తూ. "నిన్నటి పులుసు ఉంది. ముల్లు తీసుకుని తిను."